అలగీతలు, వలగీతలు

ఎస్టోనియాలో, సోమా చిత్తడి ఊళ్ళకు
ఏప్రిల్లో ఐదో రుతువు వస్తుంది.
మంచు కరిగి, నది గట్టు మరిచి,
గడప కింద రెండో మెట్టు దాకా నీళ్ళు.
రొట్టె కొనాలన్నా దోనె కట్టాలి.
గడ్డిపరకలు, బెరడు ముక్కలు, నిరుటి ఆకులు
నురగతో కలిసి కంచె వారగా ఆగిన చోట
ఉర్వే లోప్మాన్ జల్లెడ పట్టేది.

కింద తెల్లగుడ్డ.
గుడ్డ మీద ముందు ఏమీ ఉండదు.
కాసేపటికి, చెత్తలోంచి ఒక చెత్త నడుస్తుంది.

నల్లగా, సన్నగా, బియ్యపు గింజలో సగం.
పొట్టిరెక్కల పురుగు.
నడుందాకా రాని రవిక తొడుక్కున్నట్టు
పైరెక్కలు సగంలో ఆగిపోతాయి, పొట్టంతా బయటే.
తాకితే తోక ఎత్తుతుంది, తేలునని నమ్మించబోయి.
ఆ రవిక కింద అంత పొడుగు అసలు రెక్కల్ని
ఎన్ని మడతలు వేసి దాచుకుందో
ఇస్త్రీ చేసే ఏ చేతికీ అంతుపట్టదు.

పాల డిపోలో ముప్ఫై ఏళ్ళు
వెన్న శాతం చూసిన మనిషి ఉర్వే.
మూడు పాయింట్ ఆరుకీ, మూడు పాయింట్ ఏడుకీ మధ్య
ఒక ఆవు పరువు ఉంటుందని తెలిసిన మనిషి.
సాయంత్రమైతే పురుగులు.
నలభై రెండు పెట్టెలు, చీమతలలంత రాత.
చూపు మందగించాక, పోయిన చలికాలం
అన్నీ మా మ్యూజియానికి పంపేసింది.
సరిచూడటం నా పని.

పదిహేడో పెట్టె, మూడో వరస.
ఇరవై మూడు పురుగులు, ఒకే పేరు,
ఒకే తేదీ: ఏప్రిల్ పందొమ్మిది, డెబ్భై ఎనిమిది.
మెడపలక మీద గుంటలు లెక్కపెట్టాను.
నాలుగు. నాలుగు. నాలుగు.
దీపం పక్కకు జరిపి మళ్ళీ: నాలుగే.
తర్వాత తల మీద గీతలు.
పద్దెనిమిదింటికి చేపలవల అల్లిక.
ఐదింటికి మాత్రం
ఇసుక మీద గాలి గీసినట్టు అలలు.
దుమ్మేమోనని కుంచెతో తుడిచాను.
దుమ్ము కాదు.

గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టి
వంచిన సూదితో, పొట్ట చివర నుంచి,
మగతనాన్ని బయటికి లాగాను.
(నా ఉద్యోగంలో ఈ భాగం మా అమ్మకు ఇంకా చెప్పలేదు.)
వలగీతల వాడిది గరిటెకాడలా తిన్నగా.
అలగీతల వాడిది, కొసన, ఒకే ఒక్క వంపు.
కొడవలి అనేంత గొప్పేం లేదు,
తీయక పెరిగిన గోరు ఒంగినంత.
ఆ ఒంపు చాలు.
ఒకే చెత్తలో భుజాలు రాసుకుంటూ తిరిగినా
వాళ్ళకీ వీళ్ళకీ పెళ్ళి పొత్తు లేదు.

తప్పు చెప్పడానికి ఫోను సరిపోదనిపించింది.
రెండు గంటలు బస్సు, ఆ పైన దోనె.
ఉర్వే భూతద్దంలో చాలాసేపు చూసింది.
కాఫీ మీద మీగడ కట్టింది.
"అయితే ఆ రోజు రెండు దొరికాయన్నమాట," అంది.
"నేను ఒక్కదానికే సంతోషపడ్డాను.
ఇంకోటి నలభై ఏడేళ్ళుగా నాకు బాకీ."

వరస చివర నాలుగు, ఎడంగా గుచ్చినవి.
వాటికి పేరు లేదు. చీటీ మీద
"ఆడవి. చెప్పలేను."
నేనూ చూశాను వాటి తలలు.
ఒక పక్కనుంచి చూస్తే అల, ఇంకో పక్కనుంచి వల.
ఊహించి ఏదో ఒకటి రాయొచ్చుగా, అన్నాను.
"పాలలో నీళ్ళున్నాయని ఊహించి రాసుంటే
ఆ రైతు ఏమయ్యేవాడు?"

పాత చీటీ పీకనివ్వలేదు.
దాని కిందే, అదే సూదికి,
వణికే చేత్తో కొత్త పేరు గుచ్చింది, ఐదుసార్లు.
నాలుగోసారి వేలికి దిగింది సూది.
తిట్టుకుంది. నోట్లో పెట్టుకుంది వేలు.

తిరుగు దోనెలో నా చేతిచొక్కా మీదికి
ఒకటి ఎక్కింది, తోక ఎత్తి.
తల మీద గీతలు చూసేంత వెలుతురు లేదు.
కంచె పక్క నురగ మీద
దించేసి, తెడ్డు అందుకున్నాను.